చౌసెస్కు రొమేనియాలో ఆడవాళ్లు, పిల్లలు, డిక్రీ 770: తరచుగా అడిగే ప్రశ్నలు

రొమేనియా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి మహా అయితే మూడు: డ్రాక్యులా, జిమ్నాస్ట్ నాడియా కొమనేచీ, 1989 క్రిస్మస్ రోజున భార్యతో సహా తుపాకీ గుళ్లకు బలైన అధ్యక్షుడు. ఆ అధ్యక్షుడు నికోలాయ్ చౌసెస్కు 23 ఏళ్లపాటు దేశంలోని ఆడవాళ్ల కడుపుల మీద పెత్తనం చేశాడన్న సంగతి చాలామందికి తెలియదు. ఈ విషయం ఎప్పుడు మాట్లాడినా నాకు ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఇవే. అందుకే అన్నింటికీ ఒకేచోట జవాబులు రాశాను.

డిక్రీ 770 అంటే ఏమిటి?

1966 అక్టోబరులో రొమేనియా ప్రభుత్వం తెచ్చిన ఉత్తర్వు. అబార్షన్‌ను నేరంగా మార్చింది. చేయించుకున్న ఆడమనిషికీ జైలే, చేసినవాళ్లకూ జైలే. మినహాయింపులు కొన్నే. 45 ఏళ్లు దాటినవాళ్లు, అప్పటికే నలుగురు పిల్లలున్నవాళ్లు, తల్లి ప్రాణానికి ముప్పు ఉన్న కేసులు, అత్యాచారం వల్ల వచ్చిన గర్భం, బిడ్డకు తీవ్రమైన వంశపారంపర్య జబ్బు వచ్చే ప్రమాదం ఉన్నప్పుడు.

ఈ గీతలు మధ్యలో జరుగుతూ వచ్చాయి. 1972లో వయసు హద్దును 40కి తగ్గించారు. 1985 డిసెంబరులో మళ్లీ 45కి పెంచి, నలుగురు పిల్లలన్న షరతును ఐదుగురు చేశారు. అంటే 1985 నవంబరులో నలుగురు పిల్లల తల్లికి ఉన్న హక్కు మరుసటి నెలకల్లా పోయింది. మనిషి మారలేదు, పిల్లలు తగ్గలేదు, కాగితం మారిందంతే.

అంతకుముందు అక్కడ అబార్షన్‌కు అనుమతి ఉండేదా?

ఉండేది, అదీ చాలా సులువుగా. 1957లో చట్టబద్ధం చేశారు. ఆసుపత్రికి వెళ్లి కొద్దిపాటి ఫీజు కడితే పని అయిపోయేది. గర్భనిరోధక సాధనాలు మాత్రం సరిగ్గా దొరికేవి కావు. దాంతో పిల్లలు వద్దనుకున్న జంటలకు అబార్షనే కుటుంబ నియంత్రణ అయిపోయింది. 1965లో దేశం మొత్తం మీద 11 లక్షలకు పైగా అబార్షన్లు జరిగాయి. ఒక్కో కాన్పుకు నాలుగు అబార్షన్లన్నమాట.

అది ఆరోగ్యకరమైన పరిస్థితేమీ కాదు. దీనికి మందు మాత్రం అందరికీ తెలిసిందే. మాత్రలు, లూపులు, కండోమ్‌లు అందుబాటులో పెడితే అబార్షన్లు వాటంతట అవే తగ్గుతాయి. చౌసెస్కు ఆ దారిలో వెళ్లలేదు. ఉన్న ఒక్క తలుపుకూ తాళం వేశాడు.

ఎందుకంత పట్టుదల? పిల్లలెక్కువ పుడితే ఆయనకేంటి?

1965లో కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం చేతికొచ్చినప్పుడు ఆయన ముందున్న లెక్కలు ఇవి. జననాల రేటు ఏటికేడు పడిపోతోంది. 1966లో వెయ్యి జనాభాకు 14.3. ఊళ్ల నుంచి పట్నాలకు వలస పెరిగింది, ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లో చేరారు, ఇళ్లేమో ఇరుకు. పిల్లలు తగ్గడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. ఆయన దృష్టిలో మాత్రం అది రేపటి కూలీల కొరత. భారీ పరిశ్రమలు కట్టాలి, వాటికి చేతులు కావాలి. పైగా సోవియట్ యూనియన్‌కు తలవంచని గొప్ప జాతిగా రొమేనియాను నిలబెట్టాలన్న జాతీయవాద పిచ్చి ఒకటి. గొప్ప జాతి అంటే పెద్ద జాతి అని ఆయన లెక్క. 1966 జనాభా లెక్కల్లో దేశ జనాభా కోటీ 91 లక్షలు. 2000 నాటికి దాన్ని మూడు కోట్లు చేయాలన్నది టార్గెట్.

ప్రణాళికా ఆర్థిక వ్యవస్థలో ఉక్కుకు టార్గెట్, మొక్కజొన్నకు టార్గెట్, ట్రాక్టర్లకు టార్గెట్. అదే వరసలో పిల్లలకూ ఒక టార్గెట్.

జననాలు నిజంగా పెరిగాయా?

ఒక్కసారిగా పెరిగాయి. 1966లో దాదాపు 2 లక్షల 74 వేల మంది పిల్లలు పుడితే, 1967లో 5 లక్షల 28 వేల మంది పుట్టారు. ఒక్క ఏడాదిలో దాదాపు రెట్టింపు. ప్రసూతి వార్డుల్లో మంచాలు చాలలేదు, మంత్రసానులు చాలలేదు. 1966లో కడుపుతో ఉండి, అబార్షన్ ఎలాగూ దొరుకుతుందిలే అని ధీమాగా ఉన్నవాళ్లందరికీ ఆ ఏడాది చివర్లో దారి మూసుకుపోయింది. ఆ ఉప్పెన పిల్లలు ఆరేళ్ల తర్వాత బడికొచ్చేసరికి తరగతి గదులు చాలక షిఫ్టులు పెట్టారు. ఉద్యోగాల వయసొచ్చినప్పుడూ అదే తోపులాట. ఆ తరానికి రొమేనియన్ భాషలో ఒక పేరే ఉంది: దెక్రెత్సెయ్. డిక్రీ పిల్లలని అర్థం.

అయితే ఆ ఊపు నిలవలేదు. మొదటి షాక్ తగ్గగానే జనం తమ దారులు తాము వెతుక్కున్నారు. ఎవరో ఒక నర్సు, ఎవరో ఒక మందుల అమ్మకందారు, ఎవరో ఒక పెద్దావిడ. జననాల రేటు 1968 నుంచే దిగడం మొదలై, 1983కల్లా మళ్లీ డిక్రీకి ముందున్న చోటికే వచ్చేసింది. ఇంకో పాలకుడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడేమో. చౌసెస్కు 1984లో స్క్రూ మరింత బిగించాడు.

పిల్లలు లేనివాళ్ల మీద పన్ను వేశారట, నిజమేనా?

నిజమే. 25 ఏళ్లు దాటి పిల్లలు లేనివాళ్ల జీతంలోంచి అదనపు పన్ను కోసేవారు. ఆడా మగా తేడా లేదు, పెళ్లయిందా లేదా అన్న ఊసూ లేదు. మన ఊళ్లలో పెళ్లయిన రెండేళ్లకు "ఇంకా ఏమీ విశేషం లేదా?" అని అడిగే చుట్టాలు గుర్తున్నారు కదా. ఆ ప్రశ్న ప్రతి నెలా పేస్లిప్పు మీద అచ్చయి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

రెండో వైపు బహుమతులు ఉండేవి. పదిమంది పిల్లల్ని కన్న తల్లికి "వీరమాత" బిరుదు, మెడల్. ఈ ఆలోచన స్టాలిన్ కాలపు సోవియట్ యూనియన్ నుంచి వచ్చింది. పిల్లల అలవెన్సు, 112 రోజుల జీతంతో కూడిన ప్రసూతి సెలవు కూడా ఉండేవి. కాగితం మీద చూస్తే ఇవి మంచి సౌకర్యాలే. ఆ సెలవు అయిపోయాక బిడ్డను ఎక్కడ పెట్టాలన్నది మాత్రం తల్లి తలనొప్పి.

విడాకుల సంగతేంటి?

అదే 1966లో విడాకుల నిబంధనలూ బిగించారు. అంతకుముందు ఏటా వేలల్లో ఉండే విడాకులు 1967లో దేశం మొత్తం మీద 48 మాత్రమే మంజూరయ్యాయి. నలభై ఎనిమిది వేలు కాదు, నలభై ఎనిమిది. కాపురాలన్నీ రాత్రికి రాత్రే చక్కబడ్డాయని అనుకునేంత అమాయకులు ఆ ప్రభుత్వంలో కూడా ఉండి ఉండరు. తర్వాత్తర్వాత ఈ పట్టు కొంత సడలింది.

గర్భనిరోధక మాత్రలు వాడుకోవచ్చు కదా?

చట్టంలో నేరుగా నిషేధం లేదు. దొరికేవి కావు, అంతే. విదేశాల నుంచి తెప్పించడం ఆపేశారు. కావాలంటే బ్లాక్ మార్కెట్టే గతి. ఆ బ్లాక్ మార్కెట్లో రొమేనియా కరెన్సీ కంటే కెంట్ సిగరెట్ ప్యాకెట్లకు విలువెక్కువ. డాక్టర్‌ని కలవాలన్నా, మంచి మాంసం ముక్క కావాలన్నా, మాత్రల షీటు కావాలన్నా చేతిలో కెంట్ ప్యాకెట్ ఉండాలి.

అందుకే ఈ చట్టం అందరి మీదా ఒకేలా పడలేదు. పార్టీ పెద్దల ఇళ్ల ఆడవాళ్లకు తెలిసిన డాక్టర్లుండేవారు. పట్నంలో చదువుకున్నవాళ్లు ఎలాగోలా డబ్బు పోసి దారి చూసుకునేవారు. బట్టల మిల్లులో పనిచేసే అమ్మాయికి ఆ రెండూ లేవు.

"నెలసరి పోలీసులు" నిజంగా ఉండేవాళ్లా?

ఆ పేరు జనం నోట, విదేశీ పత్రికల్లో పుట్టింది. అలాంటి శాఖ ఒకటి ఉన్నట్టు ఊహించుకోకండి. జరిగింది వేరే, అదీ తక్కువేమీ కాదు.

1980ల్లో ఫ్యాక్టరీలు, ఆఫీసుల్లో ప్రసవ వయసులో ఉన్న ఆడవాళ్లకు గైనిక్ పరీక్షలు తప్పనిసరి చేశారు. పైకి చెప్పిన కారణం క్యాన్సర్లాంటి జబ్బుల్ని ముందే పట్టుకోవడం. అసలు పని గర్భాన్ని తొలి వారాల్లోనే రికార్డుకెక్కించడం. ఒకసారి పేరు రిజిస్టర్‌లో పడితే, ఆ తర్వాత కాన్పు కాకపోతే ఎందుకు కాలేదో జవాబు చెప్పుకోవాలి. షిఫ్టు మధ్యలో మిషన్ ఆపి, ఫ్యాక్టరీ డిస్పెన్సరీ ముందు లైన్లో నిలబడటం, పక్కన నిలబడ్డది రోజూ కలిసి పనిచేసేవాళ్లే కావడం, లోపలికి వెళ్లినవాళ్లు బయటికి వచ్చేటప్పుడు ముఖం చూసి ఫలితం ఊహించడం. ఇందులో లాఠీ ఎక్కడా లేదు. అవసరం రాలేదు.

ఇవి దేశమంతా ఒకే తీరుగా జరగలేదు. కొందరు డాక్టర్లు చూసీ చూడనట్టు వదిలేసేవారు, తప్పుడు రిపోర్టు రాసి కాపాడినవాళ్లూ ఉన్నారు. ఇంకొన్ని చోట్ల జననాల టార్గెట్ అందకపోతే డాక్టర్ల జీతంలోనే కోత పెట్టారు. అప్పుడు డాక్టరే పోలీసు అయ్యాడు. సెక్యురిటాటే అన్న రహస్య పోలీసు సంస్థ మనుషులు ఆసుపత్రుల మీద కన్నేసి ఉంచేవారు. ప్రతి పరీక్ష గదిలోనూ ఒకడు కూర్చున్నాడన్నది మాత్రం అతిశయోక్తి.

గర్భంలోని బిడ్డ ఒక్క తల్లిది కాదు, యావత్ సమాజపు సొత్తు అనీ, పిల్లల్ని కనకుండా తప్పించుకునేవాళ్లు పారిపోయిన సైనికుల్లాంటి వాళ్లనీ చౌసెస్కు అన్నట్టు చెప్పే మాట చాలా ప్రసిద్ధం. డిస్పెన్సరీ ముందు ఆ లైను ఎందుకు పెట్టారో ఆ ఒక్క మాట చెబుతుంది.

రహస్యంగా చేయించుకున్న అబార్షన్ వికటిస్తే ఆసుపత్రికి వెళ్లేవారు కాదా?

ఈ ప్రశ్నకే నేను ఎక్కువసేపు జవాబు చెబుతాను. ఈ చట్టం మనుషుల్ని ఎలా చంపిందో ఇక్కడే తెలుస్తుంది.

వంటగది బల్ల మీదో, చుట్టాలింటి వెనక గదిలోనో జరిగిన అబార్షన్. రెండో రోజుకు జ్వరం, రక్తస్రావం. మామూలుగా అయితే పరుగున ఆసుపత్రికి తీసుకెళ్తాం. అక్కడ వెళ్తే డాక్టర్ ముందు మిలీషియాకు (అంటే అక్కడి పోలీసులకు) గానీ ప్రాసిక్యూటర్‌కు గానీ కబురు పెట్టాలి. ఎవరు చేశారో పేరు చెప్పమని అడుగుతారు. పేరు చెబితే ఆ మనిషి జైలుకు, తనూ జైలుకు. చెప్పకపోతే శుభ్రం చేసే చికిత్స మొదలుకాదు. రక్తం పోతున్న మనిషి స్ట్రెచర్ మీద ఉండగా ప్రశ్నలు నడుస్తుండేవని, అనుమతి వచ్చేసరికి ఆలస్యమైపోయిన కేసులున్నాయని 1989 తర్వాత డాక్టర్లే చెప్పారు. సాయం చేసి దొరికిపోయిన డాక్టర్లు కొందరు జైలుకెళ్లారు. మిగతావాళ్లు అది చూసి జాగ్రత్తపడ్డారు.

అందుకే చాలామంది ఇంట్లోనే ఓర్చుకున్నారు. ఇవాళ తగ్గుతుంది, రేపు తగ్గుతుంది అనుకుంటూ. తీరా ఆసుపత్రికి చేరేసరికి ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకి ఉండేది.

మొత్తం ఎంతమంది చనిపోయారు?

అబార్షన్ సంబంధిత కారణాలతో చనిపోయినవాళ్లు ఆ 23 ఏళ్లలో దాదాపు పదివేల మంది. ఇది రికార్డుల్లోకి ఎక్కిన లెక్క. వేరే కారణం రాసి పూడ్చిపెట్టిన చావులు ఇందులో లేవు. 1989లో రొమేనియాలో లక్ష కాన్పులకు దాదాపు 170 మంది తల్లులు చనిపోతున్నారు. యూరప్ మొత్తంలో అంత ఘోరమైన సంఖ్య ఇంకెక్కడా లేదు. ఆ చావుల్లో వందకు 85కు పైగా అబార్షన్ వల్లే.

చనిపోయినవాళ్లలో చాలామందికి అప్పటికే పిల్లలున్నారు. జనాభా పెంచడానికి తెచ్చిన చట్టం, ఉన్న పిల్లలకు తల్లి లేకుండా చేసింది.

మగవాళ్లకేం కాలేదా?

పన్ను కట్టారు. కొందరిని ప్రశ్నించారు. భార్యను పోగొట్టుకుని పిల్లలతో మిగిలినవాళ్లు ఉన్నారు. అంతకు మించి రాజ్యం వాళ్ల ఒంటి జోలికి రాలేదు. మాత్రలు లేని చోట జాగ్రత్త అంటే భర్త జాగ్రత్తే. అతను జాగ్రత్తగా లేని రాత్రికి ఖరీదు ఆమె కట్టేది.

కమ్యూనిస్టు దేశాల్లో ఆడవాళ్లకు సమానత్వం ఉండేదంటారు కదా? ఎలెనా చౌసెస్కు అంత పెద్ద పదవిలో ఉందిగా?

చదువు, ఉద్యోగం విషయంలో నిజంగానే తలుపులు తెరుచుకున్నాయి. ఇంజినీర్లుగా, డాక్టర్లుగా, లేత్ మిషన్ల మీద ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేశారు. దీన్ని కొట్టిపారేయనక్కర్లేదు. కానీ ఇంటి పని ఎవరూ పంచుకోలేదు. పగలు ఫ్యాక్టరీ డ్యూటీ, సాయంత్రం క్యూలో డ్యూటీ, రాత్రి వంటింట్లో డ్యూటీ. ఆ మూడింటి మీద దేశం కోసం కనే డ్యూటీ నాలుగోది.

ఎలెనా చౌసెస్కు 1980 నుంచి మొదటి ఉప ప్రధాని. ప్రపంచ ప్రసిద్ధ కెమిస్ట్ అని ఊదరగొట్టారు. ఆమె పేరు మీద వచ్చిన పరిశోధనలు వేరేవాళ్లు చేసి పెట్టినవన్నది ఇప్పుడు బహిరంగ రహస్యం. ఒక ఆడమనిషి పైన కూర్చుంటే కింద ఉన్న ఆడవాళ్లకు మేలు జరుగుతుందని లెక్కవేసేవాళ్లకు ఈమె మంచి జవాబు. ఇంకో ముచ్చట. ఆ దంపతులకు పిల్లలు ముగ్గురే. డిక్రీ అడిగిన నలుగురికి ఒకరు తక్కువ. 1966 నాటికి ఆవిడకు 50 ఏళ్లు గనక ఆ ఉత్తర్వుతో ఆవిడకు పనిలేదు.

1980ల్లో మామూలు ఇల్లాలి రోజు ఎలా గడిచేది?

విదేశీ అప్పులన్నీ తీర్చేయాలని చౌసెస్కు పట్టుబట్టాడు. దేశంలో పండిన తిండి ఎగుమతికి వెళ్లింది. ఇంట్లోవాళ్లకు రేషన్. పంచదార, నూనె, బ్రెడ్డు కూడా కొలత ప్రకారమే. జనం చేతిసంచి జేబులో పెట్టుకునే ఇల్లు కదిలేవారు, ఎక్కడ ఏ క్యూ కనబడితే అక్కడ నిలబడటానికి. ముందున్నవాళ్లని ఏం అమ్ముతున్నారని అడగడం ఆ తర్వాత.

చలికాలంలో హీటింగ్ కోత, కరెంటు కోత. పగలు గ్యాస్ ప్రెజర్ ఉండేది కాదు. స్టవ్ వెలిగించి చూస్తే మంట నీలంగా రెపరెపలాడి ఆరిపోయేది. అందరూ పడుకున్నాక అర్ధరాత్రి దాటి ప్రెజర్ వస్తే, ఇల్లాలు అలారం పెట్టుకుని లేచి మర్నాటి వంట అప్పుడు చేసేది. పిల్లలు కోట్లు వేసుకునే పడుకునేవారు. ఇలాంటి ఇంటిని చూసి ప్రభుత్వం అడిగింది ఇంకో బిడ్డను. పాల డబ్బా కోసమూ క్యూ కట్టాల్సిన రోజుల్లో.

1989 ఏప్రిల్‌లో అప్పు మొత్తం తీరిపోయిందని ప్రకటించారు. వంటిళ్లలో మాత్రం ఏమీ మారలేదు.

అనాథాశ్రమాల ఫొటోలు చూశాను. ఆ పిల్లలందరూ అనాథలేనా?

చాలామంది కాదు. తల్లిదండ్రులు బతికే ఉన్నారు. పెంచే స్తోమత లేక, పుట్టిన బిడ్డకు ఏదో లోపం ఉందని, లేదా ఆరో బిడ్డకు ఇంట్లో చోటు లేక ప్రభుత్వానికి అప్పగించినవాళ్లు. నువ్వు కను, మిగతాది రాజ్యం చూసుకుంటుంది అన్నది అప్పటి భరోసా. 1989 చివరికి ప్రభుత్వ సంస్థల్లో దాదాపు లక్షమంది పిల్లలున్నారు.

పద్ధతి ఇలా ఉండేది. మూడేళ్ల వరకూ చంటిపిల్లల సంస్థలో ఉంచేవారు. మూడో ఏట ఒక కమిటీ పరీక్ష చేసేది. బాగున్నారనుకున్నవాళ్లు ఒక వైపు. "బాగుపడరు" అని ముద్ర వేసినవాళ్లు ఊరికి దూరంగా ఉండే ఆశ్రమాలకు. మెల్లకన్ను, గ్రహణం మొర్రి లాంటి చిన్న లోపాలకు కూడా ఆ ముద్ర పడిన పిల్లలున్నారు. 1990లో పశ్చిమ రొమేనియాలోని చిగిద్ అనే చోట విలేకరులు తలుపు తీయించి చూసినవి ప్రపంచాన్ని కుదిపేసిన ఆ ఫొటోల్లో కొన్ని. ఇనుప మంచాలు, బట్టల్లేని పిల్లలు, ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చున్న పిల్లలు. ఏడుపు వినిపించకపోవడం లోపలికి వెళ్లినవాళ్లను ఎక్కువ కలవరపెట్టింది. ఏడిస్తే ఎవరో వస్తారన్న అనుభవం లేని పిల్లలు ఏడవడం మానేస్తారు.

2000లో రాజధాని బుకారెస్ట్‌లో మొదలైన పరిశోధన ఒకటి ఈ విషయాన్ని శాస్త్రీయంగా చూసింది. సంస్థల్లో ఉన్న 136 మంది చంటిపిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, ఏళ్ల తరబడి అందరినీ గమనించారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు తెలివిలో, మాటలో, మనుషులతో మెలగడంలో ముందున్నారు. రెండేళ్ల లోపు వెళ్లినవాళ్లు ఇంకా ముందున్నారు. పిల్లలకు ఒళ్లో పెట్టుకునే ఒక మనిషి కావాలని మన అమ్మమ్మలకు తెలిసిన సంగతే, కాకపోతే ఇక్కడ మెదడు స్కానింగులతో సహా రుజువైంది.

ఎయిడ్స్‌తో దీనికి సంబంధం ఏమిటి?

నీరసంగా ఉన్న పిల్లలకు కొద్దికొద్దిగా రక్తం ఎక్కించే అలవాటు ఆ సంస్థల్లో, ఆసుపత్రుల్లో ఉండేది. రక్తాన్ని పరీక్షించలేదు, సూదులను మళ్లీ మళ్లీ వాడారు. దేశంలో ఎయిడ్స్ లేదన్నది ప్రభుత్వ మాట గనక పరీక్షించాల్సిన అవసరమూ కనబడలేదు. 1990 చివరికి రొమేనియాలో నమోదైన ఎయిడ్స్ కేసుల్లో 90 శాతానికి పైగా 13 ఏళ్లలోపు పిల్లలవే.

డిక్రీ పిల్లలే పెద్దయి చౌసెస్కును కూల్చారంటారు. నిజమా?

వినడానికి బాగుంటుంది, అందుకే బాగా తిరిగింది. 1967లో పుట్టినవాళ్లకు 1989 డిసెంబరులో 22 ఏళ్లు. తిమిషోరా నగరంలో, బుకారెస్ట్‌లో వీధుల్లోకి వచ్చినవాళ్లలో ఆ వయసువాళ్లు బాగానే ఉన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలోనూ ఉన్నారు. కానీ ఆ ప్రభుత్వం పడిపోవడానికి తూర్పు యూరప్ అంతటా ఆ ఏడాది వీచిన గాలి, ఆకలి, చలి, చివరి నిమిషంలో సైన్యం పక్షం మార్చడం అన్నీ ఉన్నాయి. పాపం పండి తాను పుట్టించినవాళ్ల చేతిలోనే పోయాడన్న కథ మనకు నచ్చుతుంది. మన పురాణాల్లో అలాంటివి బోలెడు. చరిత్రను అంత దగ్గరి దారిలో చెప్పుకోకపోవడమే మంచిది.

ఇంకో అపోహ కూడా ఉంది, ఆ పిల్లలందరూ చెడిపోయారని. క్రిస్టియన్ పాప్-ఎలెకెస్ అనే ఆర్థికవేత్త 2006లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది వేరు. డిక్రీ తర్వాత పుట్టినవాళ్లు సగటున చదువులో వెనకబడలేదు. ఎందుకంటే అంతకుముందు అబార్షన్ ఎక్కువగా వాడుకున్నది పట్నాల్లో చదువుకున్న కుటుంబాలు, కాబట్టి హఠాత్తుగా పెరిగిన కాన్పుల్లో ఎక్కువ భాగం వాళ్లవే. అయితే ఒకే రకం కుటుంబాల్లో పుట్టిన పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, డిక్రీ తర్వాత పుట్టినవాళ్లు చదువులో, ఉద్యోగాల్లో కొంచెం కిందే ఉన్నారు.

డిక్రీ ఎప్పుడు రద్దయింది? ఆ తర్వాత?

1989 డిసెంబరు 25న చౌసెస్కు దంపతుల్ని కాల్చి చంపారు. మర్నాడే, 26న, కొత్త ప్రభుత్వం డిక్రీని రద్దు చేసింది. ఇంకా వీధుల్లో కాల్పులు పూర్తిగా ఆగకముందే. పగ్గాలు చేతికొచ్చిన తొలి రోజుల్లోనే చేయాల్సిన పనుల్లో ఇదొకటి అని వాళ్లకు అనిపించిందంటే, జనం గుండెల్లో అదెంత బరువుగా ఉందో చూడండి.

1990లో తల్లుల మరణాల రేటు 83కు పడిపోయింది. ఒక్క ఏడాదిలో సగం. కొత్త ఆసుపత్రులు కట్టలేదు, కొత్త మందులు రాలేదు, ఒక కాగితం చింపేశారు. మరోపక్క అదే ఏడాది దాదాపు పది లక్షల అబార్షన్లు జరిగాయి. 23 ఏళ్లపాటు మాత్రల మాట వినని దేశం ఒక్కసారిగా ఎలా అలవాటు పడుతుంది? గర్భనిరోధక సాధనాలు అందుబాటులోకి వచ్చేకొద్దీ ఆ సంఖ్య ఏటేటా తగ్గుతూ వచ్చింది.

మన దేశంలో ఎమర్జెన్సీ కాలంలో చేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్లతో దీన్ని పోల్చవచ్చా?

పోల్చవచ్చు, దిశ మాత్రం పూర్తిగా తిరగబడింది. మా ఊరి హెల్త్ సెంటర్ గోడ మీద ఎర్ర త్రికోణం, కింద "చిన్న కుటుంబం చింతలేని కుటుంబం" అన్న అక్షరాలు చిన్నప్పుడు చూసినవాణ్ణి. కనమని బలవంతపెట్టిన దేశం ఒకటుందని చదివినప్పుడు ముందు నవ్వొచ్చింది. తర్వాత పోలికలు కనబడ్డాయి. టార్గెట్లు, కింది ఉద్యోగి జీతానికి ముడి, పేదవాళ్ల మీదే బరువు. 1976–77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. అందులో ఎక్కువ భాగం మగవాళ్లకు. 1977 ఎన్నికల్లో జనం దానికి జవాబు చెప్పారు. రొమేనియా ఆడవాళ్లకు అలాంటి బ్యాలెట్ పెట్టె లేదు. నన్నడిగితే అసలు తేడా అదే.

ఎమర్జెన్సీ దెబ్బకు మగవాళ్ల ఆపరేషన్ మాటెత్తడానికి నాయకులు భయపడ్డారు. బరువు మెల్లగా ఆడవాళ్ల మీదకు జరిగింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రసవ వయసులో ఉన్న పెళ్లయిన ఆడవాళ్లు పదిమందిలో దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే.

ఇప్పుడు ఆంధ్రాలో ఎక్కువమందిని కనమంటున్నారు. మనమూ ఆ దారిలోనే వెళ్తున్నామా?

అంత కంగారు అక్కర్లేదు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన పెట్టారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దాన్ని ఎత్తేసింది. అదే ఏడాది ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపిచ్చారు. పిలుపు వేరు, ప్రోత్సాహం వేరు, ప్రాసిక్యూటర్ వేరు. వాటిని ఒకే గాట కట్టడం రొమేనియా ఆడవాళ్లు పడ్డదాన్ని చిన్నబుచ్చడమే.

అయినా ఒక ప్రశ్న మాత్రం నేను అడుగుతూనే ఉంటాను. ముప్పై ఏళ్లు ఆపరేషన్ చేయించుకోమని వెంటపడింది ఆమెనే, ఇప్పుడు కనమంటున్నదీ ఆమెనే. ఆమెకు ఎంతమంది కావాలో అడిగిన సర్వే ఫారం మన మంత్రుల టేబుల్ మీదకు ఎప్పుడైనా వెళ్లిందా?

చివరికి రొమేనియా జనాభా ఎంతయింది?

1989 నాటికి రెండు కోట్ల 31 లక్షల దాకా వెళ్లింది. ఆ తర్వాత సరిహద్దులు తెరుచుకున్నాయి. డిక్రీ పిల్లలతో సహా లక్షల మంది ఇటలీకి, స్పెయిన్‌కు, జర్మనీకి పనికోసం వెళ్లిపోయారు, చాలామంది తిరిగిరాలేదు. 1966 జనాభా లెక్కల్లో కోటీ 91 లక్షలు అని పైన చెప్పాను కదా. 2021 జనాభా లెక్కల్లో వచ్చిన సంఖ్య కోటీ 90 లక్షల 53 వేలు.